బేస్తారం పుట్టిన రోసమ్మ

ఒక సందేహం నన్ను పన్నెండేళ్ళుగా విడిచిపెట్టలేదు. మనకు తెలియని సంగతిని తెలిసినట్టు కాగితం మీద రాస్తే అది అబద్ధమేనా? ఎవరినీ మోసం చెయ్యాలని కాదు, ఎవరి సొమ్మూ కాజెయ్యాలని కాదు. ఒక గడి ఖాళీగా ఉండకూడదన్నారు కాబట్టి నింపితే? ఆదివారం ఆరాధనలో ఆజ్ఞలు చెప్పుకుంటూ పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు దానంతటదే తగ్గిపోతుంది. పక్కన నిలబడే నా భార్య క్యారల్, "దగ్గు మందు మళ్ళీ మానేశారా?" అని గొణిగేది. అది దగ్గు కాదని ఆమెకు ఈ మధ్యదాకా చెప్పలేదు. ఇప్పుడు మీ అందరికీ చెబుతున్నాను.

పన్నెండేళ్ళ క్రితం మెట్టుగూడలో మా చర్చి హాల్లో గుర్తింపు కార్డుల శిబిరం పెట్టారు. నేను అప్పటికి మిషన్ స్కూల్లో టీచరును. చదువురాని వాళ్ళకు ఫారాలు నింపి పెట్టమని పాస్టరు జకర్యా అయ్యగారు నాకు ఒక బల్ల, రెండు పెన్నులు అప్పగించారు. ఉదయం నుంచి వరుస. పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు చకచకా సాగేవి. పుట్టిన తేదీ దగ్గరికి రాగానే ఆగిపోయేవి. ముసలివాళ్ళలో ఎవరికి తెలుసు?

కంప్యూటరు ముందు కూర్చున్న అతను విసుక్కున్నాడు. "సార్, ఖాళీ ఇడిస్తే ఇది తీస్కోదు. తెల్వనోళ్ళకు ఒకటో తారీకు ఒకటో నెల ఏసుకుంట పోండ్రి. అంతట గిట్లనే నడుస్తుంది."

అలాగే వేసుకుంటూ పోయాను. సంవత్సరం మాత్రం ముఖం చూసి, పిల్లల వయసు అడిగి అంచనా కట్టాను. జనవరి ఒకటి, జనవరి ఒకటి, జనవరి ఒకటి. సాయంత్రానికి చెయ్యి దానంతటదే రాసింది.

మా స్కూల్లో ఆయాగా పనిచేసిన రోసమ్మ ఆ వరుసలోనే వచ్చింది.

"నేను బేస్తారం పుట్టిన సార్," అంది బల్ల మీదికి వంగి. "కోత పండుగకు ముందట. మా అమ్మ చెప్పేది. గంతే ఎరుక."

"గురువారం అని రాయడానికి ఇందులో గడి లేదు రోసమ్మా."

"బొల్లారం చర్చిల పుస్తకం ఉంటది సార్. నాకు బాప్తిస్మం ఇచ్చింది ఆడనే. మా నాయిన దొర బంగళాల మాలిగ ఉండె. జెర చూస్తరా ఎప్పుడన్న?"

"చూస్తానమ్మా," అన్నాను. ఆమె కాగితం మీద జనవరి ఒకటి, 1955 అని రాశాను.

మెట్టుగూడ నుంచి బొల్లారం గంట ప్రయాణం కూడా కాదు. ఆ ఏడాది పరీక్షలు అడ్డొచ్చాయి. మరుసటి ఏడాది ఇంకేదో. క్రిస్మస్ నాడు ఎదురుపడినప్పుడల్లా రోసమ్మ అడిగేది, "సార్, నా పుస్తకం?" నాలుగైదు క్రిస్మస్‌ల తర్వాత అడగడం మానేసింది. అడగడం లేదు కదా అని నేనూ మరిచిపోయాను. మనిషి బాకీని మరిచిపోవడానికి ఇంతకంటే సుళువైన దారి లేదు.

మా అమ్మాయి జెరూషా విలేకరి. ఈ తరం విలేకరులు జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని తిరిగేవాళ్ళు కాదు. ఆమె పని కంప్యూటరుతో. ప్రభుత్వ జాబితాలను సమాచార హక్కు కింద తెప్పించి, వేల వరుసలను ఒకచోట చేర్చి, అందులో మనుషుల కంటికి ఆనని తప్పులు పట్టుకుంటుంది. చెరువుల లెక్కల్లో మాయమైన ఎకరాలను అలా బయటపెట్టింది. ఆ రోజు పేపరు మడతపెట్టి చర్చికి తీసుకెళ్ళి నలుగురికి చూపించాను కూడా.

మొన్న ఫిబ్రవరిలో ఒక సాయంత్రం నేను ఆదివారపు పాఠం సిద్ధం చేసుకుంటుంటే, పక్కనే ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది.

"డాడీ, ఇది చూడండి. మన వార్డు వృద్ధాప్య పింఛన్ల జాబితా. రెండు వందల పద్నాలుగు మంది జనవరి ఒకటిన పుట్టారు! ముప్పై ఒక్కమందికి ఒకటే ఇంటి నంబరు. అసలు మీ కాలంలో అంతమంది ఒకే రోజు పుట్టేవాళ్ళా?"

ఆ తేదీ చూడగానే నాకు శిబిరంలో నా బల్ల గుర్తొచ్చింది. ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. కానీ ఆ వాక్యం నేను రాసిన కాగితాల గురించి చెప్పాల్సిన వాక్యం. నా బిడ్డ ముందు ఆ మాట రాలేదు.

"క్రిస్మస్ అయిన వారం కదమ్మా, అందరూ సంతోషంగా ఉండి పుట్టి ఉంటారు," అన్నాను.

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గురించి దేవునికి జవాబు చెప్పుకోవాలి.

మూడో రోజు మొదటి పేజీలో వచ్చింది: 'ఒకే రోజు పుట్టిన 214 మంది! పింఛన్లలో దొంగ పేర్లా?' ఆ ప్రశ్న గుర్తు డెస్క్ ఇన్‌ఛార్జి యుగంధర్ పెట్టాడు. పేపరులో ప్రశ్న గుర్తు ఉంది. పింఛన్ల ఆఫీసుకు చేరేసరికి అది రాలిపోయింది. మార్చి నుంచి ఆ రెండు వందల పద్నాలుగు పేర్ల ఎదురుగా 'పరిశీలనలో' అనే మాట చేరింది. పింఛను ఆగిపోయింది. మళ్ళీ మొదలవ్వాలంటే పుట్టిన తేదీకి రుజువు తేవాలి. రుజువు లేకనే కదా ఆ తేదీ పడింది!

మార్చి రెండో వారంలో రోసమ్మ మా ఇంటికి వచ్చింది. కుడి పాదానికి గుడ్డ చుట్టి ఉంది. చక్కెర జబ్బు, మానని పుండు. చంకలో ఒక పాత పేపరు.

"సార్, నా గురించి పేపర్ల పడ్డదట. దొంగ అని రాసిండ్రట. నాకు చదువు రాదు. జెర చదివి చెప్పుండ్రి."

నా బిడ్డ పేరు ఆ కథనం పైనే ఉంది. అది వదిలేసి చదివాను. ఒక్కో వాక్యం చదువుతుంటే ఆమె తల ఊపుతూ విన్నది, స్కూల్లో అసెంబ్లీ వార్తలు విన్నట్టు. నేను ఆపగానే అడిగింది.

"జనవరి ఒకటి మీరే కద సార్ రాసిండ్రు?"

నింద లేదు ఆ గొంతులో. నిజంగా గుర్తు తెచ్చుకుంటోంది.

"అవును రోసమ్మా."

"మరి మీరు చెప్పుండ్రి వాళ్ళకు. సార్ చెప్తే ఇంటరు."

చెప్పడానికే వెళ్ళాను. జెరూషాకు కాదు, ఆఫీసుకు. బిడ్డను నొప్పించకుండా పని చక్కబెట్టాలనుకున్నాను. నా వెంట రోసమ్మ, ఆమె పక్కగదిలో ఉండే వీరయ్య వచ్చారు. వీరయ్య సికింద్రాబాద్ స్టేషనులో నలభై ఏళ్ళు మూటలు మోసిన మనిషి, వెనకా ముందూ ఎవరూ లేరు. వాళ్ళ ఆవరణలో ఒక నల్లా చుట్టూ వరుస గదులు, అన్నిటికీ కలిపి ఒకటే ఇంటి నంబరు.

కౌంటరు వెనక ఉన్న గుమాస్తా మంచివాడే. "సార్, మీరు రాసినట్టు ఎక్కడ ఉంది? సంతకం ఉందా? పేపర్ల వచ్చిన కేసు ఇది, నేను ముట్టుకుంటే నా కొలువు పోతది," అన్నాడు.

బయటికి వచ్చాక వీరయ్య మెట్ల మీద కూలబడ్డాడు. "మొన్న నేనే పోయి ముందట నిలబడ్డ సార్. బతికున్న, చూడు అన్న. నువ్వు గాదు పెద్దమనిషీ, కాయితం కావాలె అన్నడు. స్టేషన్ల నాకు ఇత్తడి బిళ్ళ ఉండె. గా నంబరు చూసి సామాను ఇచ్చెటోళ్ళు. గిప్పుడు మనిషిని చూసి సుత నమ్ముత లేరు."

"నీ మొకం జూస్తె ఎవల్ నమ్ముతరు?" అంది రోసమ్మ. "గడ్డం గీకి రమ్మన్న. ఇన్నవా?"

"గడ్డం గీకుడుకు పైసలు నువ్విస్తవా?"

ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత నేను వీరయ్య నవ్వు వినలేదు.

రెండుసార్లు వాళ్ళిద్దరికీ బియ్యం, మందులు తీసుకెళ్ళాను. మూడోసారి రోసమ్మ సంచి గడపలోనే ఆపింది. "నా పింఛన్ నాకు ఇప్పియ్యుండ్రి సార్. దానం వద్దు. దానం తీసుకుంటె పేపర్ల రాసింది నిజమైతది." వీరయ్య వద్దనీ అనలేదు, సంచి ముట్టనూ లేదు. రోజుకు ఒకపూట తినడం, రక్తపోటు బిళ్ళలు రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. మే నెల ఎండల్లో ఒక మధ్యాహ్నం నల్లా దగ్గర బిందె పట్టుకుని పడిపోయాడు. లేవలేదు. అంత్యక్రియలకు ఆవరణలోవాళ్ళు తలా కొంత వేసుకున్నారు. జాబితాలో అతని పేరు ఎదుట 'పరిశీలనలో' అన్న మాట ఆ రోజుకీ అలాగే ఉంది.

శ్మశానం నుంచి వచ్చి స్నానం చేసి, జెరూషా ఎదుట కూర్చున్నాను. ఆ వారమే పేపరు ఆఫీసులో ఆమె కథనానికి మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. అది బల్ల మీద ఉంది.

"అమ్మా, ఆ జనవరి ఒకటి... అది రాసింది నేను."

మొదట ఆమెకు అర్థం కాలేదు. శిబిరం గురించి, ఖాళీ వదలకూడని గడి గురించి, వీరయ్య గురించి అంతా చెప్పాను.

"కానీ డాడీ, డేటాలో తప్పు లేదు. జాబితాలో అదే ఉంది."

"ఉంది. అలా ఎందుకు ఉందో జాబితాలో లేదు."

ఆమె బల్ల మీది పత్రాన్ని బోర్లించింది. తర్వాత మెల్లగా అడిగింది. "మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"నువ్వు నన్ను అడిగిన రోజు నుంచే."

నా బిడ్డ నన్ను అలా చూడటం అదే మొదటిసారి. ఆమె కోపగించుకున్నా బాగుండేది. ల్యాప్‌టాప్ మూసి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు అవతల ఏడుపు వినిపిస్తుంటే క్యారల్ నా వైపు చూసి, "ఇన్నాళ్ళూ ఇదా మీ దగ్గు?" అంది.

పొద్దున్నే జెరూషా ఆ జాబితాను కాగితం మీద అచ్చు వేసుకుని బయల్దేరింది. సెలవు పెట్టి, చెప్పులు అరిగేలా ఇల్లిల్లూ తిరిగింది. జాబితాకు రెండు కొత్త గడులు చేర్చింది. ఒకటి, తలుపు తట్టానా. రెండోది, వాళ్ళకు తెలిసింది ఏమిటి. ఆ రెండో గడిలో ఇలా నిండింది: 'రజాకార్ల గొడవ నాడు చంకలో బిడ్డ', 'బోనాల రెండో వారం', 'అమావాస్య ముందు రోజు', 'అక్క పెళ్ళి అయిన ఏడు'. ఒక్కరూ తేదీ చెప్పలేదు, ఒక్కరూ ఏమీ తెలియదనీ అనలేదు. రెండు వందల పద్నాలుగులో రెండు వందల ఎనిమిది మంది కళ్ళ ముందు కనబడ్డారు. ఇద్దరు ఊళ్ళకు వెళ్ళిపోయారు. నలుగురు చనిపోయారు, ముగ్గురు కథనానికి ముందు, వీరయ్య తర్వాత.

ఇంకో సంగతి కూడా బయటపడింది. అదే జాబితాలో, అసలు ఉనికిలోనే లేని ఇంటి నంబర్ల మీద పదకొండు పేర్లు నిజంగానే దొంగవి ఉన్నాయి. వాటిలో ఒక్కదానికీ జనవరి ఒకటి లేదు. ఒకటి మార్చి పదిహేడు, ఒకటి జూలై ఇరవై మూడు, అన్నీ ముచ్చటైన తేదీలు. దొంగ పేరు పుట్టించినవాడు తేదీ కూడా జాగ్రత్తగా పుట్టిస్తాడు. తేదీ తెలియనివాడే నిజమైన మనిషి!

ఇదంతా రాసి యుగంధర్ ముందు పెట్టింది. అతను తల గోక్కున్నాడట. "మేడం, మనం ప్రశ్న గుర్తు పెట్టినం కద. అడుగుడు సుత తప్పేనా? మొదటి పేజీల తప్పయిందని రాస్తే రేపు మన మాట ఎవరు ఇంటరు? తొమ్మిదో పేజీల సవరణ ఏస్తా, రెండు లైన్లు."

"నింద మొదటి పేజీలో వేశాం సార్."

"దునియా అంత గిట్లనే నడుస్తుంది."

శిబిరంలో కంప్యూటరు అతను నాతో అన్న మాట అదే. జెరూషా ఒప్పుకోలేదు. నాలుగు వారాలు వాదించింది, రాజీనామా కాగితం కూడా రాసి చూపించింది. చివరికి ఆ సవరణ మొదటి పేజీలో కింద ఒక మూల వచ్చింది. నిందకు దక్కిన చోటులో అది పావు వంతు కూడా లేదు.

అది అచ్చయిన ఆదివారం, ఆరాధన అయ్యాక, జకర్యా అయ్యగారు ఆ పేర్లవాళ్ళను, క్రైస్తవులనీ హిందువులనీ లేకుండా, చర్చి హాల్లోకి పిలిపించారు. సరిగ్గా పన్నెండేళ్ళ క్రితం నా బల్ల ఉన్నచోట జెరూషా నిలబడింది. కాగితం తెచ్చుకుంది కానీ చదవలేకపోయింది.

"నేను దొంగల కోసం వెతికాను. కంప్యూటరు నాకు అబద్ధం చెప్పలేదు. ఒక తేదీ రెండు వందల పద్నాలుగు సార్లు ఉందని చెప్పింది, అది నిజమే. ఎందుకు ఉందో దానికి తెలియదు. మీకు తెలుసు. మీ ఇళ్ళు మా ఇంటికి పది నిమిషాల దూరం. నేను రాలేదు. లెక్క అనుమానించమని చెబుతుంది, అంతవరకే దాని పని. ఆ అనుమానంతో మనిషి గడపకు వెళ్ళి అడగకుండా అచ్చు వేస్తే అది వార్త కాదు, శిక్ష. నేను మీకు ఆ శిక్ష వేశాను."

వెనక వరుసలోంచి దేవమ్మ లేచింది. వీరయ్య పక్కగదిలో ఉండే, పూలు అమ్మే దేవమ్మ. "గిప్పుడు మొక్కితే వీరయ్య లేస్తడా, బిడ్డా?"

నేను లేచి, ఆ తేదీలు రాసిన చెయ్యి నాదేనని అందరి ముందూ చెప్పాను. ఎవరూ తిట్టలేదు. కొందరికి అప్పటికే తెలుసట. "మాకు ఎరుకే సార్. మీ బిడ్డ కద అని ఊకున్నం," అన్నారు. దానికంటే పెద్ద దెబ్బ నా జీవితంలో తినలేదు.

రోసమ్మ ఆ రోజు రాలేదు. ఆమె ఆసుపత్రిలో ఉంది. కుడి పాదానికి రెండు వేళ్ళు తీసేశారు.

సోమవారం నేను బొల్లారం బస్సు ఎక్కాను. అల్వాల్ దాటి ఆ పాత చర్చి ముందు దిగేసరికి యాభై నిమిషాలు పట్టింది. నాకు పన్నెండేళ్ళు పట్టింది. అక్కడి పాస్టరుగారు ఇనుప బీరువా తీసి, అట్టలు ఊడిన రిజిస్టర్లు బల్ల మీద పరిచారు. 1955 లో లేదు. 1954 లో లేదు. మధ్యాహ్నం దాటాక 1952 లో దొరికింది. గోధుమరంగు సిరా, గుండ్రటి అక్షరాలు. పేరు రోసమ్మ. తండ్రి దానయ్య, తోటమాలి. పుట్టినది అక్టోబరు తొమ్మిది. బాప్తిస్మం నవంబరు రెండు. నేను అంచనా కట్టిన ఏడాది కూడా తప్పే. ఆ తప్పు వల్ల ఆమె పింఛను రెండేళ్ళకు పైగా ఆలస్యంగా మొదలైంది. ఆ సంగతి ఎవరూ ఏ పేపరులోనూ రాయలేదు.

పాస్టరుగారు ముద్ర వేసి నకలు ఇచ్చారు. అక్కడి నుంచే జెరూషాకు ఫోను చేసి తేదీ చెప్పాను. "ఆగండి డాడీ," అంది. మీటలు నొక్కిన చప్పుడు.

"డాడీ, ఆ రోజు గురువారం."

పెద్ద ఆసుపత్రి పొడుగాటి వార్డులో రోసమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ముఖం సగమైంది. పింఛను ఇంకా రాలేదు. ఈ నకలు ఇస్తే వచ్చే నెల జాబితాలో చూస్తామన్నారు ఆఫీసువాళ్ళు. వచ్చే నెల వరకు ఆమె ఉంటుందో లేదో అక్కడి నర్సు చెప్పలేదు. జెరూషా నాకంటే ముందే వచ్చి, మంచం పక్కన నిలబడి ఉంది. లోకం దృష్టిలో ఆ కాగితం ఇప్పుడు ఎందుకు పనికొస్తుందో నాకు తెలియదు. అయినా చదివాను, పేరు, తండ్రి పేరు, తేదీ, సంవత్సరం, నెమ్మదిగా, ఏదీ వదలకుండా.

ఆమె ఇటు తిరిగింది. "ఏ వారం సార్?"

"అది కాగితంలో లేదు రోసమ్మా," అన్నాను. "జెరూషా కంప్యూటరులో చూసింది."

నా బిడ్డ వంగి ఆమె చెవి దగ్గర చెప్పింది. "బేస్తారం, ఆంటీ."

రోసమ్మ కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. "మా అమ్మ ఉత్తగ చెప్పలే," అంది. ఆ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని, దిండు కింద పెట్టుకుని, పైన అరచెయ్యి ఆనించింది.

"ఇగ పోండ్రి సార్. నా పుస్తకం ముట్టింది."